ఆఫీసు లేని కొలువులో తొలి మూడు నెలలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో వానలు మొహం చాటేసిన ఏడు సుగ్గికి పోవడం మామూలే. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం పల్లెల్లో ఇళ్లకు తాళాలు వేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని జనం గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి బండెక్కుతారు. రాజంపేట, రాయచోటి వైపు వెళితే కువైట్‌లో తమ మనిషి లేని వీధి అరుదు. చదువుకున్నవాళ్ల దారి కూడా ఇంతకన్నా వేరుగా ఏమీ లేదు. కర్నూలు పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీలోనో, కడప కె.ఎస్.ఆర్.ఎం.లోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదువు ముగిసిందంటే తరువాతి మజిలీ బెంగళూరు పీజీ హాస్టలు, లేదంటే హైదరాబాదు అమీర్‌పేటలో కోచింగు. పండగ సెలవు అయిపోయిన రాత్రి ప్రొద్దుటూరు, నంద్యాల, ఆదోని బస్టాండ్లలో బస్సులు నిండేది ఈ పిల్లలతోనే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఈ పిల్లలంతా లాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని ఇళ్లు చేరారు. తరువాత చాలామందిని కంపెనీలు వెనక్కి పిలిచాయి. కొందరిని పిలవలేదు. ఈ రెండూ కాక మూడో రకం ఉద్యోగం ఒకటి అప్పటి నుంచీ మిగిలింది: ఇంటర్వ్యూ, నియామక పత్రం, శిక్షణ, జీతం అన్నీ ఇంట్లోనే. మేనేజరును ముఖాముఖి చూడకుండానే ఏడాది గడిచిపోయే కొలువు. కొన్ని సంస్థలకైతే వెళ్లి చూద్దామన్నా ఆఫీసే ఉండదు.

ఇంటి దగ్గరే ఉండి పట్నం జీతం తీసుకోవచ్చంటే కరువు సీమలో ఎవరికి చేదు? అద్దె లేదు, హాస్టలు చారు లేదు, పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తిని పనిలో కూర్చోవచ్చు. ఈ సుఖాలన్నీ నిజమే. అయితే కొత్తగా చేరినవాడికి ఈ ఉద్యోగంలో ఒక చిక్కు ఉంది. పాతికేళ్లుగా పనిచేస్తున్నవాడికి అది తెలియను కూడా తెలియదు.

ఆ చిక్కేమిటో చెప్పే రెండు పరిశోధనలు ఉన్నాయి. మొదటిది చైనాది. షాంఘైలో సీట్రిప్ అనే ప్రయాణాల బుకింగ్ కంపెనీ 2010, 2011 సంవత్సరాల్లో తన కాల్ సెంటర్ ఉద్యోగుల్లో కొందరిని తొమ్మిది నెలల పాటు ఇంటి నుంచి పనిచేయించింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ బృందం లెక్కలు తీసింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది. ఇంటి నుంచి పని మంచిదని వాదించే ప్రతి ఒక్కరూ ఈ అంకెనే చూపిస్తారు. ఆ ప్రయోగంలో చేరడానికి పెట్టిన షరతులను మాత్రం ఎవరూ చెప్పరు. కంపెనీలో కనీసం ఆరు నెలల అనుభవం ఉండాలి, ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, తనకంటూ విడిగా ఒక గది ఉండాలి. అంటే పని వచ్చినవాళ్లు, గది ఉన్నవాళ్లు.

రెండోది మనకు బాగా దగ్గరిది, కడప నుంచి రైలెక్కితే ఒక పూటలో చేరే చెన్నైలో జరిగింది. డేవిడ్ ఆట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ షిండే అనే ముగ్గురు ఆర్థికవేత్తలు డేటా ఎంట్రీ పనికి కొత్తవాళ్లను తీసుకుని, చీటీ తీసినట్టుగా కొందరిని ఆఫీసుకు, కొందరిని ఇంటికి కేటాయించారు. 2023లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటి నుంచి చేసినవాళ్ల ఉత్పాదకత 18 శాతం తక్కువ. ఆ తేడాలో మూడింట రెండు వంతులు మొదటి రోజు నుంచే కనిపించింది. మిగతా వంతు మాత్రం రోజులు గడిచేకొద్దీ ఏర్పడింది, ఎందుకంటే ఆఫీసులో కూర్చున్నవాళ్లు పని త్వరగా నేర్చుకున్నారు. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఇంటి నుంచి పని కావాలని కోరుకున్నవాళ్లే ఇంట్లో మరీ వెనకబడ్డారు. కోరుకోవడానికి కారణం ఇంటి బాధ్యతలైతే, పనిని వెనక్కి లాగేది కూడా ఆ బాధ్యతలే కదా.

13 శాతం ఎక్కువ, 18 శాతం తక్కువ. రెండూ నిజమే. షాంఘైలో చేసినవాళ్లు పాతకాపులు, చెన్నైలో చేసినవాళ్లు కొత్తవాళ్లు. దేశాలు వేరు, పనులు వేరు కాబట్టి తేడా అంతా దీనివల్లే అనడం తొందరపాటు. కానీ దూరం నుంచి చేసే కొలువులో చేరబోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది చెన్నై లెక్కనే.

ఆఫీసులో కొత్తవాడు ఏం నేర్చుకుంటాడు, ఎవరి దగ్గర నేర్చుకుంటాడు? శిక్షణ తరగతిలో నేర్చుకునేది తక్కువే. పక్క సీటు అన్న కస్టమరుతో ఫోనులో ఎలా మాట్లాడుతున్నాడో చెవిన పడుతుంది. తెర మీద ఏదో ఎర్ర అక్షరాలు వస్తే మొహం చూసే పక్కవాడు లేచి వస్తాడు. ఏ మేనేజరుకు పొద్దున్నే మెయిలు పెట్టకూడదో, ఏ రిపోర్టును నిజంగా ఎవరూ చదవరో క్యాంటీన్‌లో తెలుస్తుంది. ఇవేవీ ఎవరూ పనిగట్టుకుని చెప్పరు. ఇంట్లో కూర్చున్న కొత్తవాడికి ఇవేవీ అందవు, అందలేదన్న సంగతి కూడా అతనికి తెలియదు.

దీన్ని కూడా కొలిచారు. ఒక పెద్ద అమెరికన్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఒకరి కోడ్ మీద ఒకరు రాసే వ్యాఖ్యలను నటాలియా ఎమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ లెక్కపెట్టారు. టీమంతా ఒకే భవనంలో కూర్చున్నచోట వ్యాఖ్యలు దాదాపు ఐదో వంతు ఎక్కువగా వచ్చాయి. అందరికన్నా లాభపడింది కుర్ర ఇంజినీర్లు. కరోనాలో ఆఫీసులు మూతపడగానే ఆ లాభం ఆవిరైంది. ఇందులో అనుభవజ్ఞుల వైపు నుంచి చూస్తే వేరే లెక్క ఉంది: పక్కన పిల్లలుంటే సీనియర్ల సొంత పని కుంటుపడింది. ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్న సీనియరు హాయిగా ఉన్నాడంటే, ఆ హాయికి మూల్యం చెల్లిస్తున్నది ఎక్కడో నందికొట్కూరులో మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాడే కావచ్చు.

దూరం నుంచి పని చేయించడం కడపకు మరీ కొత్త కాదు. 1820లో ఇక్కడికి కలెక్టరు కచ్చేరీ ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఊళ్లో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టి, తెలుగు కావ్యాలకు శుద్ధ ప్రతులు రాయించాడు. ఉద్యోగం ఆయన్ను మచిలీపట్నానికీ రాజమండ్రికీ తిప్పింది. కడప బంగళాలో పని మాత్రం అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆధ్వర్యంలో నడుస్తూనే ఉంది. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదల వల్ల తరువాతి కాలంలో బ్రౌన్ గ్రంథాలయం లేచింది. యజమాని లేని ఆ కచ్చేరీ ఎలా నడిచిందో ఊహించడం కష్టం కాదు. పండితులకు తమ పని ముందే వచ్చు, స్థానికంగా అన్నీ తెలిసిన పెద్దమనిషి ఒకరున్నారు, చేసిన పని కాగితం మీద కనిపిస్తుంది. ఇందులో మొదటిది కొత్తవాడి దగ్గర ఉండదు. కాబట్టి మిగతా రెండింటి మీదే అతను ఆధారపడాలి.

నేటి రిమోట్ కంపెనీల్లో బాగా నడిచేవి ఆ రెండింటినే నమ్ముకున్నాయి. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు చాలా దేశాల్లో ఉద్యోగులున్నారు, సొంత ఆఫీసు లేదు. 2021లో అమెరికా స్టాక్ మార్కెట్‌కు ఎక్కినప్పుడు కూడా అంతే. దాని పని పద్ధతులన్నీ వేల పేజీల కరదీపికగా ఇంటర్నెట్‌లో ఎవరైనా చదవడానికి వీలుగా ఉంటాయి. సెలవు ఎలా అడగాలి, మీటింగుకు ముందు ఏం రాయాలి, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి, అన్నీ అందులోనే. చేరినవాడికి రోజువారీగా చేయాల్సిన పనుల జాబితా, తోడుగా ఒక పాత ఉద్యోగి, వేరే విభాగాలవాళ్లతో ఊరికే కబుర్లు చెప్పుకోవడానికి ముందే పెట్టుకున్న వీడియో కాల్స్. వర్డ్‌ప్రెస్ వెనకున్న ఆటోమాటిక్ కంపెనీ ఇంకో పద్ధతి పట్టింది. ఏ హోదాలో చేరినా సరే, మొదట కొద్ది వారాలు కస్టమర్ల ప్రశ్నలకు జవాబులు రాయాలి. దాంతో కొత్తవాడికి వస్తువు తెలుస్తుంది, వాడేవాళ్ల కష్టం తెలుస్తుంది, ఏ సందేహానికి ఎవరిని అడగాలో తెలుస్తుంది.

అందుకే ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అన్నప్పుడు సెలవుల గురించి అడగడం కన్నా మేలైన ప్రశ్నలున్నాయి. మొదటి నెలలో నాకు తోడుగా ఎవరుంటారు? మీ పద్ధతులు ఎక్కడ రాసి ఉన్నాయి? టీమంతా ఏడాదికి ఎన్నిసార్లు ఒకచోట కలుస్తారు? ఈ మూడింటికీ నీళ్లు నమిలితే ఆ సంస్థ ఇంటి నుంచి పనిని అనుమతిస్తోందే తప్ప దానికి సిద్ధపడలేదని అర్థం.

మన వైపు నుంచి ఉన్న ఇబ్బంది గురించి కూడా చెప్పుకోవాలి. మన బళ్లలో, కాలేజీల్లో ప్రశ్న అడిగినవాడిని వెనక బెంచీ నవ్వుతుంది, ముందు నుంచి మాస్టారు ఉరుముతాడు. ఇలా పదహారేళ్లు పెరిగిన పిల్లకు, వందమంది చూసే చాట్ చానెల్‌లో 'ఇది నాకు అర్థం కాలేదు' అని రాయాలంటే చేతులు వణుకుతాయి. అందుకని మేనేజరుకు విడిగా 'హాయ్ సార్' అని పెట్టి ఊరుకుంటుంది. అవతలి మనిషి మీటింగులో ఉంటాడు. రెండు గంటల తరువాత 'హాయ్, చెప్పండి' అంటాడు. అప్పటికి ఈమె భోజనానికి లేచి ఉంటుంది. పది నిమిషాల సందేహం ఒక పూటను మింగేస్తుంది.

ఆ మెసేజే ఇలా ఉందనుకోండి: 'ఫలానా రిపోర్టు తీస్తున్నా. మూడో మెట్టులో అనుమతి లేదని వస్తోంది. పాస్‌వర్డు మార్చి చూశా, వీపీఎన్ తీసి పెట్టి చూశా, మారలేదు. స్క్రీన్‌షాట్ జతచేశా. దీన్ని ఎవరు సరిచేయగలరు?' జవాబు ఇచ్చేవాడికి తిరిగి అడగాల్సిన పనిలేదు. నలుగురూ చూసేచోట అడిగితే జవాబు తెలిసిన ఎవరైనా చెప్పొచ్చు, రేపు చేరేవాడికీ అది దొరుకుతుంది. ఎంతసేపు సొంతంగా కుస్తీ పట్టాలి, ఎప్పుడు అడగాలి అన్నదానికి ప్రోగ్రామర్లలో ఒక వాడుక ఉంది: పదిహేను నిమిషాలు నిజంగా ప్రయత్నించు, ఆపైన అడక్కుండా ఉండకు. అనుభవజ్ఞులు ఇంకోటి కూడా చెబుతారు, సాయంత్రం లాప్‌టాప్ మూసే ముందు ఈరోజు ఏం చేశాను, ఎక్కడ ఆగాను, రేపు ఏం చేస్తాను అని నాలుగు వాక్యాలు టీముకు రాయమని. ఆఫీసులో అయితే పనిచేస్తున్న మనిషి కంటికి కనిపిస్తాడు. ఇక్కడ రాసింది తప్ప ఇంకేమీ కనిపించదు.

రాతకు ఇంకో ఉపకారం ఉంది. సీమ పిల్లలు హైదరాబాదు హాస్టళ్లలో మొదట దాచుకునేది యాసనే. 'యాడికి పోతాండావు' అన్న ఒక్క మాటకు సినిమా డైలాగులు, బాంబుల జోకులు మొదలవుతాయి. రాసిన వాక్యానికి యాస లేదు. ఇంగ్లిషు మాట్లాడటానికి తడబడేవాళ్లు చాలామంది సావకాశంగా రాయమంటే చక్కగా రాస్తారు. రాతకు విలువిచ్చే సంస్థ దొరికితే ఆళ్లగడ్డ నుంచి వచ్చిన పిల్లకూ కార్పొరేట్ బడిలో చదివిన పిల్లకూ మధ్య దూరం కాస్త తగ్గుతుంది.

అన్నీ రాతలోనే జరగవు. వీడియో మీటింగుల్లో కెమెరా తెరిచి ఉంచితే శ్రద్ధగా ఉన్నట్టు అన్న నమ్మకం చాలా కంపెనీల్లో ఉంది. క్రిస్టెన్ షాక్లీ బృందం 2021లో అచ్చువేసిన అధ్యయనంలో 103 మంది ఉద్యోగులను నాలుగు వారాలు గమనించింది. కెమెరా తెరిచి ఉంచిన రోజుల్లో అలసట ఎక్కువ, అలసిన మనిషి మాట్లాడటం తక్కువ. ఆడవాళ్లకు, కొత్తగా చేరినవాళ్లకు ఆ అలసట ఇంకా ఎక్కువ. కొత్తవాడిని గమనిస్తూ ఉండాలని కెమెరా తెరిపించే మేనేజర్లు ఈ ఫలితాన్ని ఒకసారి చూడటం మంచిది. మొదటి వారం పరిచయాల్లో మొహం చూపించడం మర్యాద. ఆ తరువాత ముప్ఫై మంది ఉన్న మీటింగులో వినడానికి మాత్రమే కూర్చున్నప్పుడు కెమెరా మూస్తానని ముందే చెప్పి మూయడంలో తప్పేమీ లేదు.

ఇక ఇల్లు. సీట్రిప్ పెట్టిన షరతుల్లో విడి గది ఒకటని చెప్పుకున్నాం. కడప పాతవీధుల్లో, పల్లెల్లో ఇంకా నిలబడి ఉన్న మిద్దె ఇళ్ల గోడలు మూరెడు మందం. ఎండను ఆపడానికి కట్టిన ఆ రాయీ మట్టీ వైఫైని కూడా ఆపుతాయి. రూటరు పడసాలలో, కుర్చీ లోపలి గదిలో ఉంటే కాల్ తెగుతూనే ఉంటుంది. చాలామంది పదివేల రూపాయల రూటర్లు కొంటారు గానీ, గోడకు ఒక రంధ్రం వేసి వైరు లాగితే సరిపోతుంది. మే నెలలో కర్నూలు, నంద్యాల, కడపల్లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కూలర్ ముందు కూర్చుంటే మైకులో దాని హోరు తప్ప మనిషి గొంతు వినపడదు, ఆపితే లాప్‌టాప్ వేడెక్కుతుంది. పొద్దున్నే మొదలయ్యే షిఫ్టు దొరికినవాళ్లు అదృష్టవంతులు.

వైరు మాట వచ్చింది కాబట్టి ఫైబర్‌నెట్ గురించీ చెప్పుకోవాలి. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్, భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా దాదాపు 24,000 కిలోమీటర్ల తీగ లాగి, నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ, ఫోను కలిపి ఇస్తామంది. తీగ స్తంభాల మీద ఉంది కాబట్టి తొందరగా, చవగ్గా ఊళ్లకు చేరింది. స్తంభాల మీద ఉంది కాబట్టే ఈదురుగాలికి, లారీ మీది ఎత్తైన లోడుకి తెగుతుంది కూడా. గ్రూపు వీడియో కాల్‌కు మూడు నాలుగు ఎంబీపీఎస్ చాలు. అయితే అది డౌన్‌లోడ్‌కూ, అప్‌లోడ్‌కూ రెండింటికీ ఉండాలి. 100 ఎంబీపీఎస్ అని చెప్పే ప్లాన్లలో కొన్నింటికి పైకి పంపే వేగం చాలా తక్కువగా ఉంటుంది, ఇంట్లో సినిమా చూసేవాళ్లకు ఆ తేడా తెలియదు. వేరే కంపెనీ సిమ్‌తో ఫోను హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోవడం, కరెంటు పోయినా రూటరు ఆరకుండా చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కోవడం ఈ ఉద్యోగంలో మొదటి పెట్టుబడులు. ఈ ఖర్చు కంపెనీ ఇస్తుందేమో అడగాలి. చాలా సంస్థలు ఇస్తాయి, అడిగినవాళ్లకు.

గోడలకన్నా గట్టివి ఇరుగుపొరుగు. 'ఏమప్పా, ఇంట్లోనే ఉండావే, పని ఇడిసిపెట్టినావా?' అన్న ప్రశ్న రోజుకోసారి తప్పదు. ఇంట్లో మనిషి ఉన్నాడంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. గ్యాస్ సిలిండరు దించుకోవాలి, రేషన్ దుకాణానికి వెళ్లాలి, చిన్నాయనను ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కోడలు ఉద్యోగమైతే మరీ కష్టం, తలుపు వేసుకుంటే గర్వం, తీస్తే వంట. పెళ్లి సంబంధాలప్పుడు 'ఆఫీసు యాడుంది?' అంటే గూగుల్ మ్యాపులో చూపించడానికి ఏమీ ఉండదు. చేరిన మొదటి వారంలోనే ఇంట్లోవాళ్లకు పని వేళలు చెప్పి, ఆ వేళల్లో లేనట్టే లెక్కపెట్టుకోమనడం కొంచెం కటువుగా వినిపిస్తుంది. ఆరో నెలలో చెబితే ఇంకా కటువుగా ఉంటుంది.

వేళల్లో ఇంకో మెలిక ఉంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే వేసవిలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అమెరికావాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు. బ్రిటన్, ఐరోపా దేశాలు మార్చి చివరి ఆదివారం జరుపుతాయి. మధ్యలో రెండు మూడు వారాలు ఎవరి లెక్క వారిదే. గడియారం కదపడమన్నదే ఎరగని మన పిల్లల్లో, చేరిన మొదటి మార్చిలో గంట ఆలస్యంగా మీటింగుకు వెళ్లడం, అందరూ లేచిపోయిన తెరను చూడటం ఎంతమందికి అనుభవమో. క్యాలెండరు యాప్‌లో అవతలి ఊరి సమయాన్ని కూడా పెట్టుకుంటే ఈ తిప్పలుండవు.

అసలు ఈ కొలువుల బీపీఓ రూపానికి 2020 దాకా దారి దాదాపు మూసే ఉండేది. కాల్ సెంటర్లు, అటువంటి సేవా సంస్థలు టెలికాం శాఖ దగ్గర నమోదు కావాల్సి ఉండేది. ఉద్యోగిని ఇంటి నుంచి పనిచేయించాలంటే కోటి రూపాయల దాకా బ్యాంకు గ్యారంటీ, ప్రత్యేక నెట్‌వర్కు కావాల్సి వచ్చేది. లాక్‌డౌన్ ముంచుకొస్తుండగా 2020 మార్చిలో ఆ నిబంధనలను తాత్కాలికంగా సడలించారు, నవంబరు 5న పూర్తిగా కొత్త నియమాలు తెచ్చి ఆ బరువు దించేశారు. కర్నూలు బుధవారపేటలోని ఒక ఇంట్లోంచి ముంబయి బ్యాంకు కస్టమరుతో మాట్లాడటం చట్టరీత్యా తేలికైంది అప్పటి నుంచే.

దారి తెరుచుకోగానే దొంగలూ అదే దారిన వచ్చారు. ఇంట్లో కూర్చుని డేటా ఎంట్రీ అంటూ వచ్చే ప్రకటనల్లో ఒక పాత పద్ధతి ఉంది. ముందు ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు, వారం రోజులు ఏవో పేజీలు టైపు చేయిస్తారు. తరువాత మీ పనిలో తప్పులు ఎక్కువున్నాయి, ఒప్పందం ప్రకారం నష్టపరిహారం కట్టండి, లేదంటే కోర్టు నోటీసు అని ఫోను. భయపడి అప్పుచేసి కట్టినవాళ్లున్నారు. రెండో పద్ధతి టెలిగ్రామ్‌లో: హోటళ్లకు రేటింగ్ ఇస్తే డబ్బు, మొదట రెండు మూడొందలు నిజంగానే వేస్తారు, ఆపైన పెద్ద టాస్కుకు డిపాజిట్ అడుగుతారు. మూడోది అన్నిటికన్నా ఘోరం. డేటా ఎంట్రీ కొలువని కంబోడియాకు తీసుకెళ్లి, నిర్బంధించి సైబర్ మోసాలు చేయించిన ముఠాల గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఉద్యోగం ఇవ్వడానికి నిజమైన సంస్థ డబ్బు అడగదు, లాప్‌టాప్‌కు డిపాజిట్ అయినా సరే. మోసం జరిగిందనిపిస్తే గంటలోపే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారుతూ పోతుంది.

నిజమైన సంస్థ అని ఎలా తెలుస్తుంది? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి. పీఎఫ్ ఖాతా సంఖ్య అడుగుతారు, పాత ఉద్యోగాల వివరాలు సరిచూస్తారు. చిరునామా నిర్ధారణకు మనిషి ఇంటికి వస్తాడు, లేదా ఇంటి ముందు నిలబడి ఫొటో పంపమని లింకు ఇస్తారు. ఇంటి నంబరు 4-112, రామాలయం వీధి అని ఆధార్‌లో ఉండి, తలుపు మీద నంబరే లేని పల్లెల్లో ఇదొక ప్రహసనం. లాప్‌టాప్ పార్శిల్ రెండుసార్లు మండల కేంద్రం దాకా వచ్చి వెనక్కిపోయే ముప్పు ఉంటుంది. కొరియర్‌కు పల్లె చిరునామా కన్నా దగ్గరి పట్టణంలో బంధువుల దుకాణం చిరునామా ఇవ్వడం మేలు.

విదేశీ సంస్థ అయితే ఇంకో సంగతి చూసుకోవాలి. ఇండియాలో కంపెనీ లేనివాళ్లు డీల్, రిమోట్ వంటి మధ్యవర్తి సంస్థల ద్వారా ఉద్యోగిగా తీసుకుంటారు. అప్పుడు పీఎఫ్, జీతపు చీటీ, సెలవులు అన్నీ ఇక్కడి చట్టం ప్రకారం నడుస్తాయి. లేదా కాంట్రాక్టరుగా డాలర్లలో డబ్బు పంపుతారు. చేతికి ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ పీఎఫ్ లేదు, బీమా లేదు, ముందస్తు పన్ను తానే లెక్కగట్టి కట్టుకోవాలి, రేపటి నుంచి రావద్దంటే ఆ మెయిలే చివరిది. అంకెలు మాత్రమే పోల్చి ఎంచుకున్నవాళ్లు తరువాత ఇంటి రుణానికి బ్యాంకు మెట్లెక్కినప్పుడు తేడా గ్రహిస్తారు.

ప్రభుత్వానికి కూడా ఈ కొలువుల మీద కన్నుంది. 2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, ముఖ్యంగా మహిళల కోసం ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు. రాష్ట్ర ఐటీ, జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల) విధానం 4.0 కింద ప్రతి నగరంలో, పట్టణంలో, మండలంలో ఐటీ పని స్థలాలు కట్టేవారికి ప్రోత్సాహకాలిస్తామన్నారు. ఆ ఏడాదే గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, ఇంటి నుంచి పనిచేయగలవారి వివరాలు రాసుకున్నారు. చెన్నై అధ్యయనం వెలుగులో చూస్తే ఇంట్లో ఒంటరిగా పనిచేయడం కన్నా మండల కేంద్రంలో నలుగురు కూర్చునే చోటు అన్న ఆలోచనకే బలమెక్కువ. జమ్మలమడుగులో ఏసీ, జనరేటరు, మంచి నెట్ ఉన్న హాలులో వేర్వేరు కంపెనీల పిల్లలు పదిమంది కూర్చుంటే కోడ్ సందేహం తీరకపోవచ్చు గానీ, సీనియర్‌కు మెయిలు ఎలా రాయాలి, పీఎఫ్ ఎలా మార్చుకోవాలి అన్నవి పక్క కుర్చీ నుంచే తెలుస్తాయి. రాత్రి షిఫ్టుల ఆడపిల్లలకు ఇంటి నుంచి రానూ పోనూ బండి ఉంటే తప్ప అది మగపిల్లల హాలుగా మిగిలిపోతుంది.

చివరగా నియామక పత్రంలో ఒక గడి. 2020లో టీసీఎస్, 2025 నాటికి తమ ఉద్యోగుల్లో పాతిక శాతమే ఆఫీసుకు వస్తే చాలన్న లక్ష్యం ప్రకటించింది. 2023 అక్టోబరుకల్లా వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంది. అంత పెద్ద సంస్థ మాటే మూడేళ్లలో తిరగబడితే, 'ప్రస్తుతానికి ఇంటి నుంచి' అని రాసిన చిన్న కంపెనీ మాట ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. 'బేస్ లొకేషన్' అన్నచోట బెంగళూరు అని ఉంటే, ఏ సోమవారమైనా అక్కడికి పిలిచే హక్కు కంపెనీకి ఉన్నట్టే. ఆ గడిలో కర్నూలు అనో, కడప అనో, కనీసం రిమోట్ అనో రాయమని సంతకానికి ముందే మెయిలులో అడగాలి. కుదరదంటే ఎన్ని రోజుల ముందు చెబుతారో, మారే ఖర్చు ఎవరిదో అడిగి, ఆ జవాబు మెయిలును సొంత ఖాతాలో దాచుకోవాలి. ఉద్యోగం పోయిన రోజు కంపెనీ మెయిలు తెరుచుకోదు.